ఇంటి తోటకి ఏ గడ్డి? ఫౌంటెన్, వట్టివేరు, నిమ్మగడ్డి, పాంపాస్‌లలో దేన్ని ఎంచుకోవాలి

కొత్తగా కట్టిన ఇళ్ల ముందు, గేటెడ్ కమ్యూనిటీల దారుల పక్కన, రోడ్డు డివైడర్ల మీద ఊదారంగు ఆకులతో, నక్కతోకల్లాంటి కంకులతో ఊగే గడ్డి దుబ్బులు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. చూసినవాళ్లకి మనసవుతుంది. నర్సరీకి వెళ్లి "అలాంటి గడ్డి ఉందా" అని అడుగుతారు. నర్సరీలో ఆ రోజు ఏది ఉంటే అది ఆటో ఎక్కుతుంది. ఆరు నెలల తర్వాత ఆ మొక్క నీడలో పాలిపోయి వాలిపోవడమో, పక్కనున్న గులాబీ కుదుళ్లలోకి దూరిపోవడమో జరుగుతుంది. తప్పు మొక్కది కాదు. గడ్డి అనే ఒక్క మాట కింద ఆరడుగులు పెరిగేవీ ఉన్నాయి, ఆరంగుళాలు దాటనివీ ఉన్నాయి. ఎండ లేకపోతే రంగు వెలిసేవీ ఉన్నాయి, ఎండ తగిలితే మాడిపోయేవీ ఉన్నాయి.

నా సలహా ఏమిటో ముందే చెప్పేస్తాను. మన మైదాన ప్రాంతాల్లో, ఎండ బాగా తగిలే చోట ఒకే ఒక్క గడ్డి నాటుకోవాలంటే వట్టివేరు నాటండి. రంగు కావాలంటే పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్. నీడకి మోండో. నీళ్లు నిలిచే మూలకి గొడుగు తుంగ. పాంపాస్ మాత్రం మామూలు ఇంటికి వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

దుబ్బు కట్టేదా, పాకేదా?

గడ్డిని ఎంచుకునేటప్పుడు అందరూ ముందు కంకి చూస్తారు. ముందు చూడాల్సింది మొదలు. ఆ గడ్డి ఉన్నచోటే పిలకలు వేసి దుబ్బు కడుతుందా, లేక నేల లోపల కాడలు సాగదీసి పాకుతుందా? దుబ్బు కట్టే గడ్డి ఏటా కొంచెం లావవుతుంది, అంతే. పాకే గడ్డి ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు మూడడుగుల అవతల తేలుతుంది. వ్యవసాయం చేసిన ఇంటివాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. గరిక, తుంగ, దర్భ పట్టిన చేను బాగుచేయడం ఎంత కష్టమో వాళ్లనే అడగండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అందం కోసం అమ్మే గడ్డుల్లో పాకేవి చాలానే ఉన్నాయి. జపనీస్ బ్లడ్ గ్రాస్ అని ఆన్‌లైన్‌లో అమ్మేది చూడండి. ఆకు సగం నుంచి కొస వరకు నెత్తురు పూసినట్టు ఎర్రగా ఉంటుంది, ఫోటోలో చాలా అందంగా కనిపిస్తుంది. అది ఇంపెరేటా సిలిండ్రికా, అంటే మన దర్భ గడ్డుల్లో ఒకదానికి ఎర్ర రకం. ప్రపంచంలో అతి మొండి కలుపు మొక్కల జాబితా వేస్తే ఈ జాతి పేరు ముందు వరసలో ఉంటుంది. ఎర్ర రకం కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది గానీ, దాంట్లోంచి పచ్చ పిలక ఒకటి పుట్టిందంటే దాని జోరు వేరు. మరీ ఇష్టమైతే కుండీలో పెట్టుకోండి, కుండీ కింద పళ్లెం పెట్టండి, పచ్చగా వచ్చిన పిలకని ఎప్పటికప్పుడు పీకేయండి. నేలలో మాత్రం నాటకండి.

రెల్లు సంగతీ అంతే. శరన్నవరాత్రుల రోజుల్లో గోదావరి లంకల్లో తెల్లగా విరగబూసిన రెల్లు చూస్తే ఇంటికి తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ గడ్డంటే నాకు చాలా గౌరవం. కోయంబత్తూరు చెరకు పరిశోధకులు తీపి చెరకుని ఈ రెల్లుతో సంకరం చేసే కో 205 అనే రకాన్ని తయారుచేశారు. 1918లో అది రైతుల చేతికి వచ్చింది, ఉత్తరాది చెరకు సాగునే మార్చేసింది. చెరకుకి అంత మొండితనం, అంత ఓర్పు ఇచ్చింది రెల్లే. ఆ మొండితనమే 200 గజాల ఇంటి ఆవరణలో మనకి అక్కర్లేనిది. కంకులు కావాలంటే పూర్తిగా విచ్చుకోకముందే కాలవ గట్టున కోసుకొచ్చి, నీడలో తలకిందులుగా వేలాడదీసి ఎండబెట్టండి. పూలకూజాలో నెలల తరబడి ఉంటాయి. పెళ్లి మండపాల అలంకరణకి డబ్బు పోసి కొంటున్న పాంపాస్ కంకులకి ఇవి ఏ మాత్రం తీసిపోవు.

వెదురు కూడా గడ్డి కుటుంబమే కాబట్టి ఒక మాట. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే పసుపు వెదురు, కంచెకి వేసే సన్న వెదురు, రెండూ దుబ్బు కట్టేవే. పాకే రకాలు ఎక్కువగా చల్లటి దేశాలవి. అయితే దుబ్బు కట్టే వెదురు కూడా నాలుగైదేళ్లలో మూడు నాలుగు అడుగుల వెడల్పు ఆక్రమిస్తుంది, ఆకు రోజూ రాలుస్తుంది. పక్కింటివాళ్ల సంపులోనో, మన నీళ్ల ట్యాంకులోనో ఆ ఆకు పడే చోటైతే ఆలోచించుకోండి.

పర్పుల్ ఫౌంటెన్: రంగుకి ఇదే

నర్సరీలో పెన్నిసెటం అని అడిగితే ఇస్తారు. ముదురు ఊదా ఆకులు, మొదట గులాబీ ఛాయలో వచ్చి తర్వాత గోధుమరంగుకి తిరిగే మెత్తటి కంకులు. కంకులతో కలిపి మూడున్నర, నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. సాయంత్రపు ఎండ వెనకనుంచి పడేలా నాటితే కంకులు వెలుగుతాయి. కాబట్టి ఇంటికి పడమర వైపు, మనం కూర్చునే చోటుకీ ఎండకీ మధ్యలో దీనికి స్థానం ఇవ్వండి. తెల్లగోడ ముందు పెడితే ఆకు రంగు ఇంకా బాగా తేలుతుంది. నల్లటి గ్రానైట్ గోడ ముందు పెడితే ఆ ఊదా రంగు కనపడనే కనపడదు.

దీనికి కావాల్సింది రోజుకి కనీసం ఆరు గంటల నేరు ఎండ. నాలుగు గంటలే దొరికే చోట ఆకు పచ్చబడుతుంది, దుబ్బు పలచబడి ఒక పక్కకి వాలుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి దీన్ని కొనేముందు ఎండ ఎన్ని గంటలు పడుతుందో రెండు రోజులు గమనించండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఫౌంటెన్ గ్రాస్‌లో పచ్చ రకం ఒకటి ఉంది, ఊదా రకం ఒకటి ఉంది. పచ్చ రకం విత్తనంతో విపరీతంగా వ్యాపిస్తుంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల ఈ గడ్డిని అందం కోసం హవాయి తీసుకెళితే, అక్కడి లావా నేలల్ని ఆక్రమించింది. ఎండిన గడ్డి మంటలకి ఆజ్యం పోసి, అక్కడి సొంత మొక్కల్ని దెబ్బతీసింది. ఊదా రకం దాదాపు విత్తనం కట్టదు. దుబ్బు చీల్చి నాటుకోవాల్సిందే. మనకి అది మంచిదే, ఎక్కడికీ ఎగిరిపోదు. ఇంకో లాభం కూడా ఉంది: పర్పుల్ ఫౌంటెన్ విత్తనాల పొట్లం అని ఎవరైనా అమ్ముతుంటే అనుమానించొచ్చు. విత్తనాలు కాదు, మొక్కే కొనండి. ఇప్పటికే ఇంట్లో పచ్చ రకం ఉంటే, కంకి గోధుమరంగుకి తిరిగి గింజ రాలకముందే కోసేస్తూ ఉండండి.

దీని బలహీనత నీళ్లు నిలవడం. నల్లరేగడి నేలలో, ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం వైపు, వానాకాలంలో మొదలు దగ్గర తడి ఆరకపోతే వేరు కుళ్లుతుంది. అక్కడ అర అడుగు ఎత్తు మట్టి దిబ్బ చేసి, ఇసుక కలిపి, దాని మీద నాటండి. తెలంగాణ ఎర్రనేలల్లో, రాయలసీమలో ఆ బెడద ఉండదు.

వట్టివేరు, నిమ్మగడ్డి: చూడ్డానికి ఒకటే, పనిలో వేరు

ఈ రెండింటినీ చాలామంది వంటకో, మందుకో, టీకో పనికొచ్చే మొక్కలుగానే చూస్తారు. తోటలో అందం కోసం నాటాలన్న ఆలోచనే రాదు. ఫారిన్ పేరున్న గడ్డికి పెట్టే డబ్బులో పదో వంతుకి దొరికే ఈ రెండూ, సరైన చోట పెడితే మిగతావాటిని తలదన్నే అందం ఇస్తాయి. అందుకే వీటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

గుర్తుపట్టడం తేలిక. ఆకు నలిపి వాసన చూడండి. నిమ్మ వాసన వస్తే నిమ్మగడ్డి. ఏ వాసనా లేకపోతే వట్టివేరు, దాని పరిమళమంతా వేర్లలోనే ఉంటుంది. దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది. నిమ్మగడ్డి ఆకు వెడల్పు, కొస వంగి కిందికి జారుతుంది. వట్టివేరు ఆకు సన్నగా, బిరుసుగా, నిటారుగా నిలబడి కొసలో మాత్రమే వంగుతుంది. ఒక వరసగా నాటిన వట్టివేరు నాలుగైదు అడుగుల పచ్చని తెరలా కనిపిస్తుంది. నిమ్మగడ్డి మూడు అడుగుల గుండ్రటి పొద అవుతుంది. అంటే, కాంపౌండ్ గోడ పక్కన, వాషింగ్ ఏరియాకి అడ్డుగా, మురుగు కాలవ గట్టు మీద తెర కావాలంటే వట్టివేరు. వంటింటి తలుపు పక్కన, మెట్ల కింద మూలలో ఒంటరి పొద కావాలంటే నిమ్మగడ్డి.

వట్టివేరు వేళ్లు పక్కకి పోవు, కిందికి దిగుతాయి. మంచి నేలలో మూడు మీటర్ల లోతు దాకా పోతాయి. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు మన దేశంలో నేల కోతని ఆపడానికి దీన్ని ప్రచారం చేసింది ఈ గుణం చూసే. కర్ణాటకలో రైతులు అంతకు ముందు నుంచే పొలం గట్ల మీద దీన్ని వేసుకునేవారు. మన ఇంటి విషయంలో దీని అర్థం ఏమిటంటే: నేల ఏటవాలుగా ఉండి, వానకి మట్టి కొట్టుకుపోయే ఇల్లైతే, వాలుకి అడ్డంగా అర అడుగుకో పిలక చొప్పున ఒక వరస నాటితే, రెండు వానాకాలాల్లో ఆ వరస వెనక మట్టి నిలబడుతుంది. విశాఖలాంటి కొండవాలు ఇళ్లకీ, సముద్రం గాలిలో ఉప్పు తగిలే చోట్లకీ ఇంతకంటే నమ్మకమైన గడ్డి నాకు తెలియదు. కాస్త చవుడు నేలనీ ఓర్చుకుంటుంది. మే నెల ఎండలో పది రోజులు ఊరెళ్లొచ్చినా బతికే ఉంటుంది. వేళ్లు దిగిన తర్వాత సుమా, మొదటి వేసవి మాత్రం నీళ్లు పోయాల్సిందే.

పునాది పాడవుతుందేమోనని కొందరు భయపడతారు. వట్టివేరు వేళ్లు సన్నని దారాల్లాంటివి, మర్రి, రావి వేళ్లలా గోడల్ని చీల్చేవి కావు. అయినా మూడడుగుల ఎడం పాటించండి, దుబ్బు లావైనప్పుడు నడవడానికీ, కోయడానికీ చోటుండాలి కదా.

నిమ్మగడ్డి విషయంలో రెండు నమ్మకాలు గట్టిగా ఉన్నాయి. ఒకటి, ఇంట్లో నిమ్మగడ్డి ఉంటే దోమలు రావని. దోమల్ని కొంతమేర దూరంగా ఉంచే గుణం దాని నూనెలో ఉంది, కానీ ఆ నూనె ఆకు నలిపితేనే బయటికి వస్తుంది. కుండీ కిటికీలో పెట్టినంత మాత్రాన దోమలు ఆగవు. సాయంత్రం నాలుగు ఆకులు తుంచి నలిపి పక్కన పెట్టుకుంటే కాసేపు ఫలితం ఉంటుంది. రెండోది, నిమ్మగడ్డి వాసనకి పాములు వస్తాయని. వాసనకి రావు. ఏ దుబ్బైనా మొదట్లో ఎండాకు పేరుకుని, నీడగా, తేమగా ఉంటే అక్కడ కప్పలు, ఎలుకలు చేరతాయి. వాటి కోసం పాము వస్తుంది. ఇది వట్టివేరుకీ, ఫౌంటెన్‌కీ అన్నిటికీ వర్తిస్తుంది. కాబట్టి ఊరి చివర, ఖాళీ ప్లాట్ల పక్కన ఇల్లున్నవాళ్లు దుబ్బు అడుగు భాగాన్ని జానెడు ఎత్తు వరకు శుభ్రంగా ఉంచాలి. ఎండిన ఆకుల్ని నెలకోసారి తీసేయాలి. నేరుగా చెయ్యి పెట్టకుండా ముందు కర్రతో కదపాలి. పిల్లలు ఆడుకునే చోటికి ఆనుకుని ఏ పెద్ద దుబ్బూ నాటకండి.

నిమ్మగడ్డికి తేమ వాతావరణంలో తుప్పు తెగులు వస్తుంది. ఆకు మీద ఇటుకరంగు గీతలు, చుక్కలు పడతాయి. ఆ ఆకుల్ని టీలో వేయకండి. మొక్కని జానెడు ఎత్తుకి కోసేసి, ఆ ఆకుని తోటలో వదలకుండా బయట పారేయండి. దుబ్బుని చీల్చి గాలి ఆడేలా నాటుకుంటే కొత్త ఆకు శుభ్రంగా వస్తుంది. వట్టివేరుకి ఈ బాధ చాలా తక్కువ.

వేర్ల కోసం పెంచే ఆలోచన ఉంటే వట్టివేరుని నేలలో కాకుండా పాత నీళ్ల డ్రమ్ములో, పొడవాటి సంచిలో, సగానికి పైగా ఇసుక కలిపి పెంచండి. ఏడాదిన్నరకి డ్రమ్ము పడగొడితే వేర్లు తెగకుండా మొత్తం చేతికొస్తాయి. కడిగి నీడలో ఆరబెట్టి తాగే నీళ్ల కుండలో ఓ చిన్న ముడి వేసుకోవచ్చు. నేలలో నాటినదాని వేర్లు తవ్వాలంటే తోటంతా తిరగేయాలి, అది పనికాదు.

పాంపాస్ ఎందుకు వద్దంటున్నాను

పాంపాస్ కంకి అందాన్ని ఎవరూ కాదనరు. తెల్లటి ఈకల్లాంటి కంకులు, పది అడుగుల దాకా పెరిగే దుబ్బు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, ఉరుగ్వే ప్రాంతాల విశాలమైన గడ్డి మైదానాలు దాని పుట్టిల్లు. మైదానానికి సరిపడే మొక్కని మనం ఇరుకు ఆవరణలోకి తెస్తున్నాం, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. దుబ్బు ఆరడుగుల వెడల్పు అవుతుంది. ఆకు అంచు రంపం. పక్కనుంచి నడిచిన పిల్లల చేతులు గీరుకుపోతాయి, ఏటా కోయాలంటే తోలు గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా, కళ్లద్దాలు కావాలి. కాలిఫోర్నియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, స్పెయిన్‌లలో తోటల్లోంచి పారిపోయి కాలవ గట్లనీ, ఖాళీ భూముల్నీ ఆక్రమించి పెద్ద తలనొప్పిగా మారింది. ఒక్కో కంకి లక్ష దాకా గాలికెగిరే గింజలు ఇవ్వగలదు.

ఫామ్‌హౌస్ ఉండి, దుబ్బు చుట్టూ పదడుగుల ఖాళీ ఇవ్వగలిగితే, మొక్కని దుబ్బు చీల్చినదే తెచ్చుకోగలిగితే, పెట్టుకోండి. అందులో పొట్టి రకం ఒకటుంది, ఐదారు అడుగుల్లో ఆగుతుంది, అది అడగండి. గింజ నాటి పెంచినవి ఎలా వస్తాయో, ఎప్పుడు పూస్తాయో చెప్పలేం. నీలిరంగు పాంపాస్ విత్తనాలని బొమ్మ వేసి అమ్మేవాటిని అసలు నమ్మొద్దు. గులాబీ ఛాయ రకాలు నిజంగా ఉన్నాయి, నీలి రంగు మాత్రం అద్దకం వేసిన ఎండు కంకులది.

ఇలాగే ఫోటో చూసి మోసపోయే ఇంకో గడ్డి బ్లూ ఫెస్క్యూ. వెండి నీలం రంగులో బంతిలా ఉండే చిన్న దుబ్బు. అది చలి దేశాల గడ్డి, చల్లటి నెలల్లోనే పెరుగుతుంది. మన ఏప్రిల్ రాకముందే డీలా పడుతుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో దాన్ని బతికించడానికి పడే తిప్పలు వేరే మొక్క మీద పెట్టడం నయం.

నీడకీ, తడికీ

నీడలో నిజమైన గడ్డి చాలావరకు సరిగ్గా పెరగదు. అక్కడ గడ్డిలా కనిపించేవాటిని నాటాలి. మోండో గ్రాస్ నిజానికి గడ్డి కుటుంబం కాదు, శతావరి కుటుంబం. ముదురాకుపచ్చ సన్న ఆకులు, ఆరేడు అంగుళాల ఎత్తు. పొట్టి రకం మూడంగుళాలు దాటదు. మామిడి చెట్టు నీడలో, రాళ్ల పరుపు సందుల్లో, ఇంటికి ఉత్తరం వైపు బాగుంటుంది. మెల్లగా వ్యాపిస్తుంది కాబట్టి నాలుగంగుళాలకొకటి నాటి ఓపిక పట్టాలి. మధ్యాహ్నం ఎండ తగిలితే కొసలు మాడతాయి. త్వరగా నిండాలంటే, ఖర్చు తగ్గాలంటే, ఆకులో తెల్లచార ఉండే స్పైడర్ ప్లాంట్ వేసుకోండి, పిల్లమొక్కలు తనే ఇస్తుంది.

ఏసీ నీళ్లు కారే చోటు, బోరు దగ్గర గుంట, గిన్నెలు కడిగే నీళ్లు పోయే మూల: ఇక్కడికి గొడుగు తుంగ. కాడ కొసన గొడుగు ఊచల్లా ఆకులు విచ్చుకుంటాయి. కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది, అది తుంగ జాతి గుర్తు. మొక్క కొనక్కర్లేదు కూడా. ఎవరింట్లోనైనా ఒక గొడుగుని రెండంగుళాల కాడతో కోసి, ఆకులు సగానికి కత్తిరించి, నీళ్ల గ్లాసులో తలకిందులుగా ముంచితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. నిలవ నీళ్లలో పెంచితే మాత్రం దోమల సంగతి చూసుకోవాలి, వారానికోసారి నీళ్లు మార్చండి, లేదా గప్పీ చేపలు వదలండి.

కోత, చీల్పు, నీళ్లు

విదేశీ వీడియోల్లో గడ్డిని చలికాలం చివర మొదలంటా కోయమంటారు. అక్కడ మంచుకి గడ్డి ఎండి ఉంటుంది, మార్చిలో వసంతం వస్తుంది. మనకి మార్చి తర్వాత వచ్చేది నిప్పులు చెరిగే ఎండ. మార్చి, ఏప్రిల్‌లలో దుబ్బుని బోడిగా కోస్తే మొదలు మీద నీడ పోయి, వేరు మండిపోతుంది. అందుకని రెండు అదనులే పెట్టుకోండి. నీళ్లకి కొదవలేని ఇల్లైతే జనవరి చివర, సంక్రాంతి సందడి తగ్గాక కోయండి, ఎండలు ముదిరేలోపు కొత్త ఆకు కమ్ముకుంటుంది. నీళ్ల ఎద్దడి ఉన్న చోటైతే వేసవి అంతా ఎండాకుతోనే వదిలేసి, తొలకరి పడ్డాక జూన్‌లో కోయండి. వికారంగా కనిపించినా ఆ ఎండాకే మొదలుకి గొడుగు.

ఎంత ఎత్తున కోయాలి? ఫౌంటెన్‌ని అర అడుగు ఉంచి, వట్టివేరుని అడుగు ఉంచి, నిమ్మగడ్డిని జానెడు ఉంచి. ముందు దుబ్బుని తాడుతో గట్టిగా కట్టేసి, కట్టు కింద కొడవలితో కోస్తే ఆకు చెల్లాచెదురు కాకుండా కట్టగా వస్తుంది. కోసిన వట్టివేరు ఆకుని మిగతా మొక్కల మొదళ్లలో పరచండి, చాన్నాళ్లు కుళ్లకుండా తేమ కాపాడుతుంది.

రెండు మూడేళ్లకి దుబ్బు నడిమి భాగం ఎండి గుండ్రంగా బోసిపోతుంది. చుట్టూ మాత్రం పచ్చగా ఉంటుంది. అది చచ్చిపోతున్నట్టు కాదు, చీల్చమని అడుగుతున్నట్టు. తొలకరి పడ్డాక మొత్తం పెకిలించి, అంచుల్లోని పచ్చ పిలకల్ని వేళ్లతో సహా గుప్పెడు గుప్పెడుగా విడదీసి, ఆకు అడుగు ఎత్తుకి కోసి నాటుకోండి. నడిమి భాగం పారేయండి. ఎండాకాలం ఈ పని చేయొద్దు.

ఎరువు దగ్గర చేతిని బిగపట్టుకోండి. యూరియా వేస్తే గడ్డి ఏపుగా లేచి, కాడ మెత్తబడి, మొదటి గాలివానకే పడుకుంటుంది, కంకులూ తగ్గుతాయి. కోసిన తర్వాత దుబ్బుకి రెండు మూడు దోసిళ్ల మాగిన పశువుల ఎరువో, వర్మీ కంపోస్టో చాలు. ఏడాదికి అదే. నీళ్లు కూడా రోజూ కొంచెం కొంచెంగా కాదు, వేళ్లు దిగాక నాలుగైదు రోజులకోసారి నిండుగా. మొదళ్లలో పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

మిద్దెతోటలో అయితే

మిద్దె మీద గాలి ఎక్కువ, ఎండ ఎక్కువ, మట్టి తక్కువ. పర్పుల్ ఫౌంటెన్ 14 అంగుళాల కుండీలో ఏడాదిన్నర హాయిగా ఉంటుంది, ఆ తర్వాత చీల్చాలి. నిమ్మగడ్డి ఏటా చీల్చాలి, లేకపోతే కుండీనే పగలగొడుతుంది. వట్టివేరు కుండీలో బతుకుతుంది గానీ దాని అసలు గుణం లోతు కాబట్టి డ్రమ్ము ఇవ్వండి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపితే నీళ్లు నిలవవు. ఉత్త కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొడిలో) ఎత్తు గడ్డులు గాలికి ఒరిగిపోతాయి. కుండీల్ని ఇటుకల మీద ఎత్తి పెట్టండి, స్లాబు చెమ్మెక్కదు. వేసవిలో మాత్రం కుండీకి రోజూ నీళ్లు తప్పవు.

మిద్దెతోట వాళ్లకి ఇంకో సలహా, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఫౌంటెన్ గ్రాస్‌కి మన సజ్జ దగ్గరి చుట్టం. సజ్జలోనే ముదురు ఊదా ఆకులతో పర్పుల్ మెజెస్టీ అనే రకాన్ని అమెరికాలో అందం కోసం తయారుచేస్తే, 2003లో అక్కడ కొత్త మొక్కల రకాల్ని పరీక్షించే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ బంగారు పతకం వచ్చింది. ఆ విత్తనం కోసం వెతుక్కోనక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే పొట్టు తీయని సజ్జలే గుప్పెడు తీసుకుని జూన్, జూలైలలో ఒక పెద్ద తొట్టిలో చల్లి, జానెడు ఎడంలో ఒక్కో మొక్క ఉంచి మిగతావి పీకేయండి. రెండు నెలలకి కంకి వస్తుంది. పిచ్చుకలు, చిలకలు వాలతాయి. పిల్లలున్న ఇంట్లో, బంతి మొక్కల వెనక వరసగా సజ్జ కంకులు ఊగుతుంటే ఏ ఖరీదైన గడ్డీ దాని ముందు నిలవదు. పంట అయిపోయాక పీకి పారేయొచ్చు, జీవితాంతం మోయాల్సిన బాధ్యత కాదు.

అమెరికాలో ఉంటే

టెక్సాస్‌లో, ముఖ్యంగా డాలస్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఇవే గడ్డుల గురించి అడుగుతుంటారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పర్పుల్ ఫౌంటెన్ మంచు తగిలితే పోతుంది, ఒక్క ఏడాది మొక్కగానే చూడాలి. నిమ్మగడ్డిని కుండీలో పెంచి నవంబరులో గరాజులోకి మార్చుకోవాలి. నేలలో నిలిచేవి కావాలంటే ఆ గడ్డ మీద పుట్టినవే మేలు: శరత్కాలంలో గులాబీరంగు మబ్బులా పూసే గల్ఫ్ మ్యూలీ, నిటారుగా నిలబడే స్విచ్‌గ్రాస్. మార్చి ముందు మొదలంటా కోయమనే సలహా వాటికి సరిగ్గా సరిపోతుంది.

నర్సరీలో కొనేటప్పుడు

కడియం, కడియపులంక వైపు వెళ్లి కొన్నా, ఇంటి దగ్గర చిన్న నర్సరీలో కొన్నా చూడాల్సినవి అవే. ఎత్తుగా ఉన్న మొక్క కాదు, మొదట్లో ఎక్కువ పిలకలున్న మొక్క తీసుకోండి. ఎనిమిది పిలకలున్న పొట్టి మొక్క, రెండు పిలకలున్న ఎత్తు మొక్కని మూడు నెలల్లో దాటిపోతుంది. సంచి అడుగున చూడండి, తెల్లటి కొత్త వేళ్లు కనిపించాలి. నల్లగా, వాసనతో ఉంటే వద్దు. వాన పడిన మర్నాడు వెళితే ఏ దుబ్బు నిలబడిందో, ఏది పడుకుందో కళ్లకి కడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, సంచిలోని మట్టి పైపొరని వేలితో కదిపి చూడండి. ముక్కోణపు కాడతో చిన్న తుంగ మొలక ఒక్కటి కనిపించినా, ఆ మొక్కని తిరిగి ఇచ్చి వేరేది అడగండి. నల్లటి తుంగ గడ్డ ఒక్కటి ఆ మట్టితో తోటలోకి వస్తే, కొన్న గడ్డి దుబ్బు కట్టేలోపు అది పాదంతా అల్లుకుంటుంది. వేరే మొక్క దొరక్కపోతే, ఇంటికి తెచ్చాక బకెట్ నీళ్లలో వేళ్లని ముంచి మట్టంతా కడిగేసి, గడ్డల్ని ఏరేసి, అప్పుడే నాటండి. కడిగిన నీళ్లని పాదులో పోయకుండా బయట పారబోయండి.